మొదటి వేట రైఫిల్: బ్యారెల్ అరుగుదల చూడాలా, భుజం చూడాలా?

తొలిగురి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా చిన్న తూటా వాడే .22 రైఫిల్‌తో రేంజిలో సాధన చేస్తున్నాను. వేట లైసెన్సు పరీక్ష గత నెలలోనే పూర్తయింది. ఇప్పుడు నాకంటూ ఒక వేట రైఫిల్ కొనుక్కోవాలి. నేను వెళ్లేది జింక జాతి జంతువుల వేటకే. దూరం ఎక్కువలో ఎక్కువ 250 మీటర్లు. అంతకు మించి కాల్చకూడదని ముందే నిర్ణయించుకున్నాను.

ఏ తూటా ఎంచుకోవాలి అన్న దగ్గరే మూడు వారాలుగా ఆగిపోయాను. మా బావగారు ఇరవై ఏళ్లుగా 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్ (పేలుడు మందు ఎక్కువ పట్టే శక్తివంతమైన తూటా) వాడుతున్నారు. "ఒక్కసారి ఇది కొన్నావంటే జన్మలో ఇంకోటి వెతుక్కోనక్కర్లేదు" అంటారు. రేంజిలో నా పక్కన కాల్చే పెద్దాయన మాట వేరు. "మాగ్నమ్ జోలికి పోవద్దమ్మా, వెయ్యి తూటాలకే బ్యారెల్ కాలిపోతుంది. .308 తీసుకో, ఐదు వేలు కాల్చినా నమ్మకంగా ఉంటుంది" అన్నారు. అదే రోజు మరొకరు 6.5 క్రీడ్‌మూర్ అనే ఇంకో తూటా గురించి అరగంట చెప్పారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, ముగ్గురూ నా మంచి కోరి చెప్పినవాళ్లే. అందుకే ఎవరి మాట పక్కన పెట్టాలో తెలియడం లేదు.

నా బరువు 54 కిలోలు. పోయిన ఆదివారం బావగారి రైఫిల్‌తో ఐదు తూటాలు కాల్చి చూశాను. మొదటి మూడూ 100 మీటర్ల దగ్గర అరచేయంత చోటులో పడ్డాయి. నాలుగోది కాగితం అంచున తగిలింది. ఐదోది అసలు కాగితం మీదే లేదు. ఐదోది కాల్చేటప్పుడు భుజం నొప్పిగా ఏమీ లేదు, కానీ మీట నొక్కకముందే మెడ, భుజం బిగుసుకుపోవడం నాకే తెలిసింది.

నా ప్రశ్నలు ఇవి. వేటకు మాత్రమే వాడే మనిషికి బ్యారెల్ ఆయుష్షు నిజంగా అంత పెద్ద విషయమా? రైఫిల్ తన్నుడు (కాల్చగానే వెనక్కి వచ్చి భుజానికి తగిలే దెబ్బ) కొన్నాళ్లకు అలవాటైపోతుంది అంటారు, అది నిజమేనా? రెండింటిలో ఒకదాన్నే చూసుకోవాల్సి వస్తే దేన్ని చూడాలి?

పాతకాపు

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఐదో తూటా దగ్గర మెడ బిగుసుకుందని రాశారు చూడండి, అదే. బ్యారెల్ సంగతి తరువాత చెబుతాను, ముందు దీని గురించి మాట్లాడాలి. ఇది నాకు మూడేళ్లు ఆలస్యంగా తెలిసింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది నేను కాదు, ఒక జంతువు.

నా మొదటి పెద్ద రైఫిల్ .300 విన్చెస్టర్ మాగ్నమ్. కొండలెక్కాలి కాబట్టి తేలిక రైఫిల్ కావాలని పట్టుబట్టి స్కోపుతో కలిపి 3.2 కిలోలు ఉన్నది కొన్నాను. శక్తివంతమైన తూటా, తేలికైన రైఫిల్. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి జోడీ లేదనిపించింది. బల్ల మీద ఆనించి ఇరవై తూటాలతో గురి సరిచూసుకుని, ఆ ఏడాది మొత్తంలో మరో పది కాల్చి ఉంటాను. అంతకు మించి కాల్చాలనిపించేది కాదు. పని ఒత్తిడి అనుకునేవాణ్ని. నిజానికి నా ఒంటికే ఆ రైఫిల్ ఇష్టం లేదు.

ఆ సీజనులో ఒక సాయంత్రం 180 మీటర్ల దగ్గర మగ జింక పక్కకు తిరిగి నిలబడింది. అంత తేలికైన గురి వేటలో అరుదుగా దొరుకుతుంది. మీట నొక్కాను. రైఫిల్ ఎగిరింది, స్కోపులో ఆకాశం కనిపించింది. మళ్లీ కిందికి దించేసరికి జింక లేదు. ఎక్కడ తగిలిందో, తగిలినప్పుడు కాళ్లు ముడుచుకుందో, వీపు వంచిందో ఏమీ చూడలేకపోయాను. రెండు గంటలు చీకట్లో రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. మర్నాడు ఉదయం 700 మీటర్ల అవతల దొరికింది. తూటా కడుపు వెనక భాగంలో తగిలింది. రాత్రంతా అది ఎలా గడిపిందో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

తప్పు రైఫిల్‌దా, నాదా అని ఒక స్నేహితుడు పరీక్ష పెట్టాడు. తూటాలు తనే నింపి ఇచ్చాడు. ఐదింటిలో ఏవో రెండు మందు లేని డమ్మీ తూటాలు. ఏది ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. మొదటిది పేలింది. రెండోసారి మీట నొక్కితే టిక్ అని చిన్న చప్పుడు, అంతే. తన్నడానికి ఏమీ లేదు, అయినా రైఫిల్ మూతి జానెడు కిందికి వంగింది. కుడి కన్ను గట్టిగా మూసుకుపోయింది. అంటే ఇన్నాళ్లూ నేను కాల్చిన ప్రతి తూటాకూ అదే జరుగుతోందన్నమాట. పేలుడు చప్పుడులో, తన్నుడులో అది దాగిపోయేది. వాడు ఏమీ అనలేదు. ఇంకో ఐదు తూటాలు నింపి నా చేతికిచ్చాడు.

అలవాటవుతుందా అని అడిగారు. భుజం అలవాటు పడుతుంది, మెదడు మాత్రం ముందే ఉలికిపడటాన్ని నేర్చుకుంటుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి అలవాటైపోయిందనే అనుకుంటాం. ఈ ఉలికిపాటును పోగొట్టుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఆ కాలమంతా .22తోనే కాల్చాను.

ఇక లెక్కకు వద్దాం. 3.6 కిలోల రైఫిల్ అనుకుని, గుండు బరువు, వేగం, మందు బరువు కలిపి వెనక్కి వచ్చే శక్తిని నేనే లెక్కవేశాను. 100 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు) గుండుతో .243 విన్చెస్టర్ సుమారు 11 జౌళ్లు తంతుంది. 140 గ్రెయిన్లతో 6.5 క్రీడ్‌మూర్ 16. 150 గ్రెయిన్లతో .308 విన్చెస్టర్ దాదాపు 20. 160 గ్రెయిన్లతో మీ బావగారి 7 ఎం.ఎం. మాగ్నమ్ 28. 180 గ్రెయిన్లతో .300 మాగ్నమ్ 37. నా రైఫిల్ 3.2 కిలోలే కాబట్టి నేను మోసిన దెబ్బ 41 జౌళ్లు. మీకు చెప్పిన 6.5తో పోలిస్తే రెండున్నర రెట్లు. రైఫిల్ బరువు ఎంత తగ్గితే తన్నుడు అంత పెరుగుతుంది, ఇందులో మినహాయింపు లేదు. కొండెక్కేటప్పుడు ఆదా అయిన అరకిలో బరువుకు మీట నొక్కే క్షణంలో లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఇంత శక్తి పెట్టి కొన్నది ఏమిటి? 250 మీటర్ల దాకానే కాలుస్తానన్నారు. 200 మీటర్లకు గురి సరిచేసుకుంటే 250 దగ్గర .308కీ 7 ఎం.ఎం. మాగ్నమ్‌కీ మధ్య గుండు దిగుడులో తేడా మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు. ఆ తేడా జింకకు తెలియదు.

బ్యారెల్ విషయం రెండు మాటల్లో. మీరు సీజనులో ఐదారు, సాధనకు నెలకు పది చొప్పున కాల్చినా ఏడాదికి 130 తూటాలు దాటవు. 7 ఎం.ఎం. మాగ్నమ్ బ్యారెల్ 1,200 తూటాలకే అరుగుతుందనుకున్నా తొమ్మిదేళ్లు వస్తుంది. 6.5 క్రీడ్‌మూర్‌కు 2,500 అనుకుంటే పంతొమ్మిదేళ్లు. .308కి ఐదు వేలంటే మీ పిల్లలు కూడా కాలుస్తారు. అరిగిన బ్యారెల్‌ను తీసి కొత్తది బిగించుకోవచ్చు.

నేను ఇప్పుడు వాడుతున్నది 7 ఎం.ఎం.-08 రెమింగ్టన్. .308 ఇత్తడి తొడుగు మూతినే సన్నం చేసి తయారుచేసిన తూటా. దీని స్వభావం పాత 7×57 మౌజర్‌కు చాలా దగ్గర. 1907లో నరభక్షకి అయిన చంపావత్ ఆడపులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన .275 రిగ్బీ రైఫిల్ తూటా ఆ 7×57కే మరో పేరు. పులి అంటే పెద్ద తూటా కావాలని అందరూ అనుకునే రోజుల్లో ఆయన కొండల్లో ఇలాంటి మధ్యరకం తూటా కూడా మోశారు. నా 7 ఎం.ఎం.-08తో కాల్చినప్పుడు జింక ఎలా కదిలిందో స్కోపులోంచి కళ్లు తిప్పకుండా చూడగలుగుతున్నాను. నాకు అన్నింటికంటే విలువైనది అదే. తగిలిన క్షణంలో జంతువు ఎలా స్పందించిందో చూడగలిగితే వెంటనే వెళ్లాలా, అరగంట ఆగాలా అన్నది తెలుస్తుంది.

ఇనుపపని

పాతకాపుగారు భుజం సంగతి చెప్పేశారు కాబట్టి నేను బ్యారెల్ లోపలి సంగతి చెబుతాను. నేను రైఫిళ్లకు బ్యారెళ్లు బిగించే పని చేస్తాను. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి పాత బ్యారెల్‌లోకీ సన్నటి కెమెరా గొట్టం దూర్చి చూడటం నాకు అలవాటు.

బ్యారెల్ అరిగిపోయింది అనగానే గుండు రాపిడికి గాడులు (గుండును తిప్పే లోపలి గీతలు) అరిగాయని చాలామంది అనుకుంటారు. అరిగేది ముఖ్యంగా ఒకే చోట. తూటా కూర్చునే గది దాటి గాడులు మొదలయ్యే నాలుగైదు సెంటీమీటర్లు. దాన్ని మేము గొంతు అంటాం. మందు మండినప్పుడు పుట్టే వాయువు వేడి మూడు వేల కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. ఉక్కు కరిగే వేడి దానికంటే చాలా తక్కువ. అదంతా వెయ్యో వంతు సెకనులో ముగుస్తుంది కాబట్టి లోపలి పైపొర మాత్రమే కాగి, వెంటనే చల్లారుతుంది. ప్రతి తూటాకూ ఇదే. పైపొర పెళుసుబారుతుంది, పగుళ్లిస్తుంది. కెమెరాలో చూస్తే ఎండిన చెరువు నేలలా ఉంటుంది. నెర్రెలు, నెర్రెల మధ్య పెంకులు. మొదట సన్నటి గీతలు, తరువాత గీతలు కలిసి గళ్లు, ఆ తరువాత గళ్ల అంచులు ఊడిపోయి గరుకు. గాడుల మొదళ్లు మొద్దుబారి ముందుకు జరిగిపోతాయి. నా సొంత 6.5 క్రీడ్‌మూర్‌లో వెయ్యి తూటాలకు గొంతు సుమారు ఒక మిల్లీమీటరు ముందుకు జరిగింది. ఇంకా చక్కగానే కాలుస్తోంది.

ఏ తూటా ఎంత త్వరగా తింటుందో అంచనాకు నా దగ్గర ఒక మోటు లెక్క ఉంది. మందు బరువును బ్యారెల్ రంధ్రం వైశాల్యంతో భాగించండి. ఒక్కో చదరపు మిల్లీమీటరు రంధ్రం గుండా ఎంత మందు మంట దూసుకుపోతోందో తెలుస్తుంది. .308లో దాదాపు 60 మిల్లీగ్రాములు. 6.5 క్రీడ్‌మూర్‌లో 77. .243లో 84. 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నమ్‌లోనూ .300 విన్చెస్టర్ మాగ్నమ్‌లోనూ 100 దరిదాపు. .264 విన్చెస్టర్ మాగ్నమ్‌లో 114. ఇరుకు దారిలో పెద్ద గుంపును తోసినట్టు. మందును బట్టి, గుండును బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి కానీ వరస మారదు. గమనించండి, .243 భుజానికి అన్నింటికంటే మృదువు, కానీ బ్యారెల్‌ను మాత్రం .308 కంటే ఎంతో త్వరగా తింటుంది. తన్నుడు, అరుగుదల ఎప్పుడూ కలిసి నడవవు. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి మాట్లాడేవాళ్ల మాట కొంచెం ఆగి వినండి.

ఇంకో విషయం. వెయ్యి, రెండున్నర వేలు, ఐదు వేలు అంటూ మీరు వినే సంఖ్యలు చాలావరకు పోటీల్లో కాల్చేవాళ్లు చెప్పేవి. 100 మీటర్ల దగ్గర ఐదు గుండ్లు 15 మిల్లీమీటర్లలో పడే బ్యారెల్ 30కి దిగజారితే వాళ్లకు అది చచ్చిన బ్యారెల్. మీకు 30 అంటే 250 మీటర్ల దగ్గర 75 మిల్లీమీటర్లు. పాతకాపుగారు చెప్పిన 20 సెంటీమీటర్ల చోటులో అది హాయిగా ఇముడుతుంది. వేటగాడి లెక్కలో అదే బ్యారెల్‌కు ఇంకా చాలా ఆయుష్షు ఉంటుంది.

తూటా పేరు కంటే కాల్చే తీరే ఎక్కువ బ్యారెళ్లను చంపడం చూశాను. సన్నటి వేట బ్యారెల్‌తో వరసగా పదిహేను కాల్చి, పొగలు కక్కుతుంటే మళ్లీ నింపేవాళ్లు ఉన్నారు. మూడు కాల్చండి, బోల్టు (తూటా గదిని మూసే కడ్డీ) తెరిచి పక్కన పెట్టండి. బ్యారెల్‌ను చేత్తో పట్టుకుని ఐదు సెకన్లు ఉండలేకపోతే ఇంకా ఆగండి. రెండోది, శుభ్రం చేసే కడ్డీ. వంకర కడ్డీని దారి చూపే గొట్టం లేకుండా మూతి వైపు నుంచి తోసి, మూతి అంచును అరగదీసిన బ్యారెళ్లు నా దగ్గరకు నెలకొకటైనా వస్తాయి. పాపం, వాళ్లు అనుకునేది తాము రైఫిల్‌ను జాగ్రత్తగా చూసుకుంటున్నామని. లోపల గొంతు కొత్తదానిలా ఉంటుంది, మూతి మాత్రం ఒకవైపు అరిగి ఉంటుంది. గుండు బ్యారెల్‌ను చివరిసారి తాకే చోటు అదే. అక్కడ వాయువు ఒకవైపు ముందుగా తప్పించుకుంటే గుండు పక్కకు తిరుగుతుంది.

మీ బావగారి రైఫిల్ ఇప్పటికి ఎన్ని తూటాలు కాల్చిందో కనుక్కోండి. వీలైతే కెమెరాతో చూపించండి. కానీ నెర్రెలు చూసి భయపడకండి. నెర్రెలతోనే సూటిగా కాల్చే బ్యారెళ్లు ఎన్నో చూశాను. తీర్పు చెప్పాల్సింది కాగితమే.

తొలిగురి

ఇద్దరికీ ధన్యవాదాలు. పాతకాపుగారూ, ఆ రాత్రి గురించి రాసినందుకు ప్రత్యేకంగా. నాకూ ఉన్న భయం అదే, ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు. ఈ వారం డమ్మీ తూటాలతో పరీక్ష చేసి చూస్తాను. ఒక చిన్న సందేహం. మూతికి బ్రేకు (వాయువును పక్కలకు మళ్లించే తొడుగు) బిగిస్తే మాగ్నమ్ తన్నుడు సగానికి తగ్గుతుందని బావగారు అంటున్నారు. అప్పుడు ఈ ఇబ్బంది తీరిపోదా?

వెయ్యిమీటర్లు

బ్రేకు గురించి నేను చెబుతాను. నేను దూరపు గురి పోటీల్లో కాలుస్తాను, ఏడాదికి రెండు వేల తూటాలు. బ్రేకు నిజంగానే పనిచేస్తుంది. మంచిదైతే తన్నుడులో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిస్తుంది. అయితే వాయువును పక్కలకు మళ్లించి ఆ పని చేస్తుంది కాబట్టి చప్పుడు మీ చెవుల వైపు, మీ పక్కన ఉన్నవారి చెవుల వైపు వస్తుంది. రైఫిల్ చప్పుడు మామూలుగానే 160 డెసిబెళ్ల దరిదాపు. 140 దాటితే ఒక్క పేలుడుకే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలవచ్చు. రేంజిలో అందరూ చెవులకు రక్షణ పెట్టుకుంటారు. అడవిలో, అడుగుల చప్పుడు వినడానికి ఒక చెవి వదిలేసుకుని కూర్చున్నప్పుడు ఆ బ్రేకు ఏం చేస్తుందో ఆలోచించండి. నా ఎడమ చెవిలో ఆగని ఈల మోత ఉంది. పక్క వరసలో ఒకరి బ్రేకు ముందు ఒక్కసారి రక్షణ తీసి నిలబడినందుకు వచ్చినది. రాత్రిళ్లు నిద్ర పట్టేదాకా వింటూ ఉంటాను. దయచేసి దీన్ని తేలికగా తీసుకోకండి. మీరుండే చోట చట్టం ఒప్పుకుంటే సైలెన్సర్ మేలు. చప్పుడూ తగ్గిస్తుంది, తన్నుడూ తగ్గిస్తుంది. పొడవు, బరువు మాత్రం పెరుగుతాయి.

ఇంకో మాట. ఉలికిపాటుకు సగం కారణం భుజం మీద దెబ్బ అయితే మిగతా సగం చప్పుడే. చెవిలో ఒక రక్షణ, దాని మీద చెవి కప్పు ఒకటి, రెండూ పెట్టుకుని కాల్చి చూడండి. అదే రైఫిల్ వేరే రైఫిల్‌లా అనిపిస్తుంది.

పాతకాపుగారితో ఒక విషయంలో విభేదిస్తాను. బ్యారెల్ ఆయుష్షును రెండు మాటల్లో పక్కన పెట్టేశారు. తొలిగురిగారు రెండేళ్లు .22తో ఓపికగా సాధన చేసిన మనిషి. ఇలాంటివాళ్లు ఏడాదికి 130 తూటాలతో ఆగరు. నేనూ అలాగే మొదలుపెట్టాను, వేటకు ముందు సాధన అంటూ. మూడో ఏటికి నెలకు వంద కాలుస్తున్నాను. నెలకు వంద అంటే మాగ్నమ్ బ్యారెల్ ఏడాదికే ముగుస్తుంది. 6.5 రెండేళ్లు, .308 నాలుగేళ్లు. సాధన బాగా చేసేవాళ్లకు బ్యారెల్ ఆయుష్షు చిన్న విషయం కాదు. "ఇంకో తూటా ఖర్చు చేస్తే బ్యారెల్ అరుగుతుందేమో" అన్న లోభం మనసులో పడితే సాధన అక్కడే ఆగిపోతుంది.

అలాగే మాగ్నమ్‌ను పూర్తిగా కొట్టిపారేయకండి. 400 మీటర్లు దాటాక, గాలి ఉన్నచోట, బరువైన జంతువు మీద దానికి అర్థం ఉంది. నాలుగున్నర కిలోల రైఫిల్‌లో 7 ఎం.ఎం. మాగ్నమ్ సుమారు 23 జౌళ్లకు దిగుతుంది. తేలిక .308కు పెద్ద తేడా లేదు. మీ 250 మీటర్లకు మాత్రం అది అనవసరం, అంతవరకు ఒప్పుకుంటాను.

పాతకాపు

వెయ్యిమీటర్లుగారి మాట న్యాయంగా ఉంది. నా రైఫిల్‌ను నేను సాధనకు తీయనే తీయలేదు కాబట్టి బ్యారెల్ అరిగే అవకాశమే రాలేదు, అందుకే దాన్ని చిన్నది చేసి చూశాను. ఎక్కువ కాల్చేవాళ్ల లెక్క వేరే. తొలిగురిగారూ, ఇప్పుడైతే నా మాట ఇది. మీరు సంతోషంగా ఎక్కువసార్లు కాల్చగలిగే తూటాల్లోంచే ఎంచుకోండి. వాటిలో రెండు మీకు సమానంగా అనిపిస్తే అప్పుడు బ్యారెల్ ఎక్కువ కాలం వచ్చేదాన్ని తీసుకోండి.

తొలిగురి

నిన్న రేంజిలో నాలుగు గంటలు గడిపి వచ్చాను. ఏం జరిగిందో రాస్తున్నాను.

మూడు రైఫిళ్లు దొరికాయి. బావగారి 7 ఎం.ఎం. మాగ్నమ్, 3.7 కిలోల 6.5 క్రీడ్‌మూర్ ఒకటి, 3.4 కిలోల .308 ఒకటి. ఒక్కోదానితో పది తూటాలు, వాటిలో మూడు డమ్మీలు. నింపింది మా అక్క. ఏది ఎక్కడ పెట్టిందో ఎవరికీ చెప్పలేదు. ముందు .22తో పది కాల్చి, తరువాత తక్కువ తన్నేదానితో మొదలుపెట్టాను. చెవులకు రెండు రక్షణలూ పెట్టుకున్నాను.

6.5తో మూడు డమ్మీలకూ మూతి కదల్లేదు. మూడోసారి టిక్ అన్న చప్పుడు విన్నాక గాని అది డమ్మీ అని నాకు తెలియలేదు. కాల్చిన ఏడూ 40 మిల్లీమీటర్లలో పడ్డాయి. అన్నింటికంటే నన్ను కదిలించింది, కాగితంలో కొత్త రంధ్రం తెరుచుకోవడం స్కోపులోంచి నా కళ్లతోనే చూడటం. రెండేళ్లుగా .22లో చూస్తున్నదే అది, పెద్ద రైఫిల్‌లోనూ చూడవచ్చని అనుకోలేదు. .308తో మొదటి డమ్మీకి ఏమీ లేదు, మూడోదానికి కొంచెం వంగింది. చివరి రెండు గుండ్లు ఎడమకు జరిగాయి. ఇంకొన్నాళ్లు సాధన చేస్తే అది కూడా నాకు కుదురుతుందనిపించింది. మాగ్నమ్‌తో రెండో తూటాయే డమ్మీ. మూతి ఎంత కిందికి పోయిందంటే పక్కన నిలబడిన అక్క నోటి మీద చెయ్యి వేసుకుంది. అక్కడితో ఆపేశాను.

ఆ తరువాత బావగారు తన రైఫిల్ తీసుకుని కూర్చున్నారు. నాకూ నింపివ్వమన్నారు అక్కతో. నాలుగోది డమ్మీ. ఆయన రైఫిల్ మూతి కూడా వంగింది. నా అంత కాదు, కానీ స్పష్టంగా వంగింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. బోల్టు తెరిచి, డమ్మీ తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. "నిరుడు తప్పిపోయిన ఆ దుప్పి..." అని ఆగిపోయారు. తరువాత మళ్లీ నింపమన్నారు. సాయంత్రం దాకా ఆయన అలా ముప్పై కాల్చారు, మూడు కాల్చి ఆరనిచ్చి, మళ్లీ మూడు. చివరి డమ్మీకి మూతి నిలకడగా ఉంది.

ఇనుపపనిగారూ, అక్కడ ఒకరి దగ్గర కెమెరా గొట్టం ఉంటే ఆయన బ్యారెల్‌లోకీ చూశాం. మీరు చెప్పినట్టే, ఎండిన చెరువు. బావగారి లెక్క ప్రకారం ఇరవై ఏళ్లలో తొమ్మిది వందల తూటాలు. అయినా ఆయన చెయ్యి కుదిరాక 100 మీటర్ల దగ్గర ఐదు గుండ్లు 35 మిల్లీమీటర్లలో పడ్డాయి. బ్యారెల్ మార్చనక్కర్లేదని ఆయన, నేను కలిసి నిర్ణయించాం.

నేను 6.5 క్రీడ్‌మూర్ తీసుకుంటున్నాను. నెలకు యాభై కాల్చాలని లెక్క వేసుకున్నాను, నాలుగేళ్లు దాటి వస్తుంది. ఒక్కటే చిక్కు. బట్ (భుజానికి ఆనే వెనక కర్ర) నాకు పొడవుగా ఉంది. స్కోపులో పూర్తి బొమ్మ కనిపించడానికి మెడ ముందుకు చాచాల్సి వస్తోంది. దాన్ని కోయించుకోవచ్చా? ఎంత కోయించాలి?

ఇనుపపని

కోయించుకోవచ్చు, కోయించుకోవాలి కూడా. మెడ చాచి కాలిస్తే స్కోపు కంటికి మరీ దగ్గరైపోతుంది. 6.5 అయినా సరే, ఏదో ఒకరోజు కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో గాటు పెడుతుంది. పొడవు కొలిచేటప్పుడు వేటకు వేసుకునే కోటు వేసుకుని కొలవండి, ఇంట్లో చొక్కా మీద కాదు. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి, చెంప ఆనించండి, అప్పుడు కళ్లు తెరవండి. బొమ్మ నిండుగా కనిపించేదాకా ముందు స్కోపును ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. దానితోనే సరిపోతే కోత అక్కర్లేదు. సరిపోకపోతే ఒకేసారి రెండు సెంటీమీటర్లు కోయించకండి. ఒకటి కోయించి, వెనక మెత్తటి రబ్బరు ప్యాడ్ బిగించి, నెల రోజులు కాల్చండి. కోసిన కర్రను మళ్లీ అతికించలేం.